లా ఫర్మ్ వదిలి ఇన్‌హౌస్‌కి వెళ్తే నేనింకా లాయర్‌నేనా?

కొత్తకలం:

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఆరేళ్లుగా ఒక లా ఫర్మ్‌లో చేస్తున్నా. ఎక్కువగా కమర్షియల్ కాంట్రాక్టులే, మధ్యలో రెండు అక్విజిషన్లకి డ్యూ డిలిజెన్స్ (కొనబోయే కంపెనీ కాగితాల తనిఖీ) కూడా చేశా, అంటే రాత్రుళ్లు కళ్లు మంటలెక్కేదాకా డేటా రూమ్‌లో పీడీఎఫ్‌లు చదవడం అన్నమాట. గంటల లెక్క రాసీ రాసీ విసుగొచ్చేసింది, నిద్రలో కూడా ఆరేసి నిమిషాల యూనిట్లే కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ సొంత లీగల్ టీమ్ నుంచి (ఇన్‌హౌస్ అంటే అదే) ఆఫర్ వచ్చింది. వెళ్దామనే ఉంది, కానీ ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు.

మా పార్ట్‌నర్ ఏమో "అక్కడికెళ్తే ఎన్‌డీఏలు (రహస్యాలు బయటపెట్టం అనే ఒప్పందాలు) దిద్దుకుంటూ కూర్చోవడమే, రెండేళ్లకి బుర్ర తుప్పు పడుతుంది" అన్నారు. ఇన్‌హౌస్‌లో ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే వాడు పూర్తిగా రివర్స్, "లా పుస్తకం తెరిచే టైమ్ ఎక్కడుంది రా, పొద్దున్నుంచీ మీటింగులే, ప్రైసింగ్ దగ్గర్నుంచి ప్రెస్ నోట్ దాకా అన్నిట్లో కూర్చోబెడతారు" అంటాడు. జాబ్ డిస్క్రిప్షన్ చూస్తే "బిజినెస్ పార్ట్‌నర్" అని ఐదు చోట్ల ఉంది, "లీగల్ అడ్వైస్" అని రెండే చోట్ల. నిజంగానే లెక్కపెట్టా.

అసలు నన్ను తొలిచేస్తున్నది ఇంకోటి. చివరి రౌండ్‌లో బిజినెస్ హెడ్ ఒకాయన నవ్వుతూ అడిగారు, "నువ్వు డీల్స్ ఆపే టైపా, అయ్యేలా చేసే టైపా?" అని. నేను తడుముకోకుండా "అయ్యేలా చేసే టైపే సార్" అనేశా. ఆఫర్ వచ్చింది, బాగానే ఉంది, కానీ ఆ జవాబు అప్పట్నుంచీ గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. ఫర్మ్‌లో ఉంటే క్లయింట్ నచ్చకపోతే ఇంకో క్లయింట్ ఉంటాడు. అక్కడ ఉండేదే ఒక్క క్లయింట్, జీతమిచ్చేదీ వాడే, పైగా పక్క సీట్లోనే కూర్చుంటాడు. వాడికి "వద్దు" అని చెప్పాల్సి వస్తే చెప్పగలమా? ఈ పదిహేను ఇరవయ్యేళ్లలో ఇన్‌హౌస్ పని నిజంగా మారిందా, లేక పేరే మారిందా? లోపల ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


లోపలిమనిషి:

పద్దెనిమిదేళ్లు, మూడు కంపెనీలు, ఇప్పుడు ఒకచోట డిప్యూటీ జీసీ, అంటే కంపెనీ లీగల్ హెడ్ (జనరల్ కౌన్సెల్) తర్వాతి మనిషిని. నాకు తెలిసింది చెప్తా.

మీ పార్ట్‌నర్ చెప్పింది అబద్ధం కాదండీ, పాత నిజం. నేను చేరినప్పుడు మా పని అంతా చివర్లో వచ్చేది. బిజినెస్ వాళ్లు మాట్లాడుకుని, రేటు కుదుర్చుకుని, చేతులు కలుపుకుని, భోజనం కూడా చేసేసి, అప్పుడు కాగితం మా దగ్గరికి పంపేవాళ్లు, "కొంచెం చూసి ఇవ్వండి, రేపు సంతకం" అని. మేం కామాలు సరిచేసి ఇచ్చేవాళ్లం. కేసు వస్తే బయట ఫర్మ్‌కి పంపడం, వాళ్ల నుంచి వచ్చింది పైకి పంపడం. ఒక రకంగా పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. ఫర్మ్‌లో పార్ట్‌నర్ కాలేకపోయినవాళ్లు ఇన్‌హౌస్‌కి వెళ్తారు అనే చిన్నచూపు కూడా ఉండేది, మీ పార్ట్‌నర్ గొంతులో ఇంకా కొంచెం అదే వినిపిస్తోంది నాకు.

ఈ మార్పు మొన్న మొన్న మొదలైంది కూడా కాదు. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌కి బెన్ హైన్‌మన్ జనరల్ కౌన్సెల్‌గా వచ్చాక పేరున్న ఫర్మ్‌ల నుంచి, ప్రభుత్వం నుంచి సీనియర్లని తెచ్చి లోపల కూర్చోబెట్టాడు. టాక్స్‌కి ఒక దిట్ట, ఎన్విరాన్‌మెంట్‌కి ఒక దిట్ట, ఇలాగ. దాంతో ఏ కేసు బయటికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, స్ట్రాటజీ ఏంటి అని తేల్చేది లోపలివాళ్లయ్యారు, బయటి ఫర్మ్ చెప్తే చేసేది అయ్యింది. పగ్గాలు చేతులు మారాయి. మిగతా పెద్ద కంపెనీలు మెల్లగా అదే దారి పట్టాయి. ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఇన్‌హౌస్ లాయర్ బిజినెస్‌కి పార్ట్‌నర్ కావాలి, కంపెనీకి గార్డియన్ కూడా కావాలి, రెండూ ఒకే మనిషి, ఒకేసారి. చెప్పడానికి ఎంత బాగుందో చేయడానికి అంత కష్టం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇక ఇప్పుడు పని ఎలా ఉంటుందంటే, కాంట్రాక్టు చివర్లో కాదు, ప్రోడక్ట్ మొదట్లోనే పిలుస్తారు. ఒక కొత్త యాప్ ఫీచర్ కోసం ఇంజినీర్లు బోర్డు మీద బొమ్మలు గీస్తున్నప్పుడే మా అమ్మాయి (మా టీమ్‌లో ప్రోడక్ట్ కౌన్సెల్) అక్కడ కూర్చుంటుంది. ఈ డేటా ఎందుకు తీసుకుంటున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, యూజర్ వద్దంటే తీసేసే బటన్ ఎక్కడ అని అడుగుతుంది. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చాక ఈ సీటు తప్పనిసరైపోయింది, ఎందుకంటే పెనాల్టీ గరిష్ఠంగా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం లేదా 2 కోట్ల యూరోలు, ఏది ఎక్కువైతే అది. డేటా లీకైతే తెలిసిన 72 గంటల్లో రెగ్యులేటర్‌కి చెప్పాలి. 72 గంటలంటే బయటి ఫర్మ్‌ని పట్టుకుని విషయం మొదట్నుంచీ చెప్పేసరికే సగం అయిపోతాయి. లోపల సిస్టమ్స్ తెలిసిన లాయర్ ఉండాల్సిందే. సాంక్షన్లు (ఆంక్షలు), సప్లై చెయిన్‌లో లేబర్ రూల్సు, పోటీ చట్టాలు, ఇవన్నీ కూడా అంతే.

కాబట్టి మీ ఫ్రెండ్ చెప్పింది కూడా నిజమే. "ఇది చట్టబద్ధమేనా" అని అడిగేవాళ్లు తగ్గారు, "ఇది చేద్దామా వద్దా" అని అడిగేవాళ్లు పెరిగారు. మొదటి ప్రశ్నకి పుస్తకంలో జవాబు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి నేనైతే "ఏ డీల్ అన్నదాన్ని బట్టి" అనేవాణ్ణి. ఉద్యోగం రాకపోతే పోనీ, ఆ ఒక్క మాటకి వాళ్ల మొహం ఎలా మారుతుందో చూస్తే సగం ఇంటర్వ్యూ మనమే చేసినట్టు.


టార్గెట్‌గాడు:

లాయర్ల మధ్యలో దూరుతున్నా, సేల్స్‌లో ఉంటా, తిట్టుకోవద్దు.

గార్డియన్, పార్ట్‌నర్ అవన్నీ నాకు తెలీదు గానీ మా దగ్గర లీగల్ డిపార్ట్‌మెంట్‌కి ఇంకో పేరు ఉండేది, "కాదు డిపార్ట్‌మెంట్". క్వార్టర్ ఎండ్‌కి నాలుగు రోజులుంటాయి, కస్టమర్ సంతకానికి రెడీగా ఉంటాడు, మనోళ్లు రెడ్‌లైన్ (మార్పులు గుర్తుపెట్టిన డ్రాఫ్ట్) పంపిస్తారు చూడండీ, కాగితం మీద పసుపు కుంకుమ చల్లినట్టు, ఎక్కడ తెలుపుందో వెతుక్కోవాలి. ఒకసారి "రీజనబుల్" అనే ఒక్క పదం మీద పదకొండు మెయిళ్లు నడిచాయి. నేను లెక్కపెట్టలా, కస్టమర్ లెక్కపెట్టి మరీ చెప్పాడు.

తర్వాత కొత్తగా ఒకావిడ వచ్చింది. మెయిల్ పెట్టకుండా "కస్టమర్ కాల్‌లో నేనూ ఉంటా" అంది. లయబిలిటీ క్యాప్ (నష్టపరిహారానికి గరిష్ఠ పరిమితి) మీద మూడు వారాలుగా నలుగుతున్న గొడవ, ఆవిడ అవతలి వాళ్లని ఒకటే అడిగింది, "మీకు అసలు భయం దేని మీద?" అని. డేటా పోతే ఎలా అన్నది వాళ్ల భయం, మిగతావాటి మీద పట్టింపే లేదు. డేటాకి ఒక క్యాప్, మిగతావాటికి ఇంకో క్యాప్ అని ఇరవై నిమిషాల్లో తేల్చేసింది. ఆ రోజు నుంచి నేను ప్రతి పెద్ద డీల్‌కీ ముందే ఆవిడ దగ్గరికే వెళ్తా. పార్ట్‌నర్ అంటే అదీ.

ఇంకో నిజం కూడా చెప్పేస్తా, తిడితే తిట్టండి. లీగల్ దగ్గర అవుతున్నకొద్దీ మేం లీగల్ పేరు వాడుకోవడం కూడా ఎక్కువైంది. ప్రెజెంటేషన్‌లో "లీగల్‌తో మాట్లాడాం" అని ఒక బుల్లెట్ పెడతాం. మాట్లాడింది కారిడార్‌లో రెండు నిమిషాలు, అదీ వేరే విషయం. కానీ ఆ బుల్లెట్ చూశాక పైన ఎవరూ ప్రశ్న అడగరు. కొత్తకలం గారూ, మీ పేరు ఎవరి స్లైడ్ మీద ఉందో అప్పుడప్పుడూ చూసుకోండి.


టికెట్‌నంబర్:

@టార్గెట్‌గాడు ఆ స్లైడ్ మాట చదివి నా బీపీ పెరిగింది 😂

నేను లీగల్ ఆపరేషన్స్. లాయర్‌ని కాదు, ఒకప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్‌ని. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని పదేళ్ల కిందట చెప్తే మా ఇంట్లో నమ్మేవాళ్లు కాదు, ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు లెండి.

ఇన్‌హౌస్‌లో లా కంటే ఎక్కువ మారింది పని జరిగే తీరు. 1992లో డ్యూపాంట్ కంపెనీ తను వాడుతున్న లా ఫర్మ్‌లు మూడొందలు దాటి ఉంటే వాటిని కొన్ని పదులకి కుదించేసింది, మిగిలినవాళ్లతో దీర్ఘకాలం రేట్లు మాట్లాడుకుని, ఎవరేం చేస్తున్నారో లెక్క చూడటం మొదలెట్టింది. లీగల్ కూడా ఖర్చు లెక్క చెప్పుకోవాల్సిన డిపార్ట్‌మెంటే అన్న ఆలోచన అక్కణ్ణుంచి బాగా పాకింది. ఇప్పుడు మా దగ్గర ఎవరైనా లాయర్‌తో మాట్లాడాలంటే ముందు ఫామ్ నింపాలి, టికెట్ పడుతుంది, అది ఏ రకం పనో బట్టి ఎవరికి వెళ్లాలో అదే చూసుకుంటుంది. మామూలు ఎన్‌డీఏ అయితే లాయర్ ముట్టుకోడు కూడా, టెంప్లేట్‌లో పేర్లు నింపుకుని సేల్స్ వాళ్లే పంపేసుకుంటారు. అవతలివాళ్లు మార్పులు అడిగితే ప్లేబుక్ ఉంటుంది, ఇది ఒప్పుకోవచ్చు, ఇది ఒప్పుకోవాలంటే మేనేజర్‌ని అడగాలి, ఇది చచ్చినా ఒప్పుకోవద్దు అని. కాబట్టి మీ పార్ట్‌నర్ గారికి చెప్పండి, ఎన్‌డీఏలు దిద్దే ఉద్యోగం కోసం వెళ్దామన్నా అది ఇప్పుడు దొరకదు.

ఇప్పుడు ఏఐ వచ్చి మొదటి రెడ్‌లైన్ అదే వేసేస్తోంది. చాలావరకు బాగానే వేస్తుంది, అదే భయం కూడా, బాగానే ఉందనిపించి చదవడం మానేస్తాం. 2023లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో ప్రయాణికుడి లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులని కోర్టుకిచ్చి 5000 డాలర్ల జరిమానా కట్టారు. అది బయటి లాయర్ల కథ, కోర్టులో జడ్జి ఉన్నాడు కాబట్టి దొరికింది. కంపెనీ లోపల కాంట్రాక్టులో తప్పు క్లాజ్ వెళ్లిపోతే పట్టుకునే జడ్జి ఎవరూ ఉండరు, మూడేళ్ల తర్వాత గొడవ వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, జూనియర్లు నేర్చుకున్నదే ఆ బోరు పనులు చేసి. వంద ఎన్‌డీఏలు చదివితేనే నూట ఒకటోదాన్లో ఏదో తేడాగా ఉందని ముక్కుకి వాసన తగిలేది. ఆ వంద ఇప్పుడు ఎవరూ చదవట్లేదు. మా జీసీకి దీని మీద జవాబు లేదు, నాకూ లేదు.

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్తా. డాష్‌బోర్డ్ పెట్టా. టర్నరౌండ్ టైమ్, మూసిన టికెట్లు, బయటి ఫర్మ్ ఖర్చు, అన్నీ రంగురంగులుగా. ఆరు నెలలకి ఏమైందంటే అందరూ తేలిక టికెట్లు ముందు మూసేస్తున్నారు, నిజంగా ఆలోచించాల్సినవి కింద పడి ఉంటున్నాయి, ఎందుకంటే ఆలోచిస్తూ కూర్చుంటే మీ బార్ ఎర్రగా అవుతుంది. ఒక లాయర్ మూడు వారాలు పోట్లాడి ఒక చెడ్డ డీల్ ఆపేశాడు, నా డాష్‌బోర్డ్‌లో అతనే లాస్ట్. జరగని నష్టానికి కాలమ్ ఎలా పెట్టాలో ఇప్పటికీ తెలీదు.


సీసీలోపెట్టకండి:

అందరూ పార్ట్‌నర్ పార్ట్‌నర్ అంటున్నారు గానీ దానికి కట్టాల్సిన బిల్లు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ప్రివిలేజ్.

అంటే లాయర్‌తో మాట్లాడింది కోర్టుకీ దర్యాప్తువాళ్లకీ చూపించక్కర్లేదు అనే రక్షణ. అమెరికాలో 1981లో అప్‌జాన్ కేసు. కంపెనీ జనరల్ కౌన్సెల్ లోపల ఎంక్వైరీ చేస్తూ ఉద్యోగులు ఇచ్చిన సమాధానాలు టాక్స్ వాళ్లు చూపించమంటే సుప్రీంకోర్టు కుదరదంది, కింది స్థాయి ఉద్యోగి కంపెనీ లాయర్‌తో మాట్లాడినా అది రహస్యమే అంది. సరే. అదే యూరప్‌కి రండి, 2010లో అక్జో నోబెల్ కేసు. ఈయూ కాంపిటీషన్ దర్యాప్తులో ఇన్‌హౌస్ లాయర్‌తో జరిగిన మెయిళ్లకి ఆ రక్షణ లేదని తేల్చేశారు. ఆ లాయర్ బార్‌లో మెంబరే, నెదర్లాండ్స్‌లో. అయినా లాభం లేదు. కారణం ఏం రాశారో తెలుసా, జీతం మీద బతికే మనిషి కంపెనీ నుంచి బయటి లాయర్ అంత స్వతంత్రంగా ఉండలేడు అని. కొత్తకలం గారి గొంతులో ముల్లు ఉంది చూడండి, కోర్టు దాన్నే తీర్పుగా రాసింది.

ఇండియాలో కూడా ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగి అయితే అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49 ఎప్పట్నుంచో ఉంది. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు కూడా ఇన్‌హౌస్ కౌన్సెల్‌కి సాక్ష్య చట్టంలో (భారతీయ సాక్ష్య అధినియం) అడ్వకేట్లకుండే సెక్షన్ 132 ప్రివిలేజ్ రాదని చెప్పింది, సెక్షన్ 134 కింద కొంత రక్షణ మాత్రం ఉంటుంది. మరి టైటిల్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు ఏంటంటే, ఏ దేశంలో ఏ గదిలో అడిగారన్నదాన్ని బట్టి మీరు లాయర్ అవ్వొచ్చు, కాకపోవచ్చు.

ప్రివిలేజ్ ఉన్న చోట కూడా మీరు బిజినెస్ సలహా ఇస్తే దానికి వర్తించదు, లీగల్ సలహాకే. పొద్దున ప్రైసింగ్ మీద అభిప్రాయం చెప్పి, మధ్యాహ్నం అదే మెయిల్ చెయిన్‌లో కాంపిటీషన్ లా రిస్క్ చెప్తే అందులో ఏ లైన్ ఏ టోపీతో రాశారో తర్వాత ఎవరు విడదీస్తారు? మా దగ్గర ఒకాయన ప్రతి మెయిల్‌లోనూ నన్ను సీసీలో పెడతాడు, పైన "ప్రివిలేజ్డ్" అని రాస్తాడు, అందులో ఉండేది టీమ్ అవుటింగ్ గురించి. నా పేరు తాయెత్తు అనుకుంటున్నాడు.

రెండు టోపీల సంగతి ఎంత దూరం పోతుందంటే ఉబర్ చూడండి. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది డేటా పోయింది, హ్యాకర్లకి లక్ష డాలర్లు బగ్ బౌంటీ (సిస్టమ్‌లో లోపం పట్టిచ్చినవాళ్లకిచ్చే బహుమతి) అని పేరు పెట్టి ఇచ్చారు, ఏడాది దాకా బయటికి చెప్పలేదు. సెక్యూరిటీ చీఫ్ జో సలివన్ ఒకప్పటి ప్రాసిక్యూటర్, కంపెనీలో డిప్యూటీ జనరల్ కౌన్సెల్ హోదా కూడా ఉంది. 2022 అక్టోబర్‌లో దోషి అని జ్యూరీ తేల్చింది, 2023లో మూడేళ్ల ప్రొబేషన్ పడింది. సెక్యూరిటీ టీమ్‌కి సలహా ఇచ్చే ఇన్‌హౌస్ లాయర్ ఉద్యోగం అంతకుముందే పోయింది. ఆ గదిలో లాయర్లు లేక కాదు జరిగింది.


కొత్తకలం:

అందరికీ థాంక్స్, అసలు ఇంత వస్తుందనుకోలేదు. @సీసీలోపెట్టకండి మీ పోస్ట్ రెండుసార్లు చదివా, రెండోసారి ఇంకా భయమేసింది.

కానీ నా అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. @లోపలిమనిషి గారూ, మీరు పద్దెనిమిదేళ్లలో "వద్దు" అన్నారా? అన్నప్పుడు ఏమైంది? అనలేకపోయినప్పుడు ఏమైంది? పర్సనల్ అనుకుంటే వదిలేయండి.


లోపలిమనిషి:

పర్సనలే, అయినా చెప్తా.

ముందు అందరికీ తెలిసిన కథ. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్. తాళం కొంచెం బరువుకే తిరిగిపోయి, నడుస్తున్న బండి ఆగిపోయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 2014లో దాదాపు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు, తర్వాత నష్టపరిహార ఫండ్ 124 చావులకి క్లెయిములు ఒప్పుకుంది. బోర్డు వేయించిన వలూకస్ రిపోర్ట్ ఒకటి ఉంది, ఇన్‌హౌస్‌కి వెళ్లే ప్రతివాడూ చదవాలి. అందులో నాకు నిద్రపట్టనివ్వనిది ఇంజినీర్ల భాగం కాదు, లాయర్ల భాగం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని కేసులు ఒకటొకటిగా వాళ్ల టేబుల్ మీదకి వచ్చాయి. బయటి లాయర్లు ఇది జ్యూరీ ముందుకెళ్తే శిక్షగా భారీ డ్యామేజెస్ పడతాయని రాతపూర్వకంగా హెచ్చరించారు కూడా. వీళ్లు ప్రతి కేసునీ చక్కగా సెటిల్ చేశారు. లిటిగేషన్ లాయర్‌గా చూస్తే మంచి పనే, తక్కువలో ముగించారు, ఫైల్ మూసేశారు. కానీ ఈ కేసులన్నీ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తోంది, రోడ్డు మీద ఇంకా తిరుగుతున్న బండ్ల సంగతేంటి అని గట్టిగా పైకి మోసుకెళ్లినవాడు లేడు. జనరల్ కౌన్సెల్‌కి 2014 ఫిబ్రవరి దాకా విషయమే తెలీదట. ఆ తర్వాత ఆయన పెట్టిన రూలేంటో తెలుసా, చావు గానీ తీవ్ర గాయం గానీ ఉన్న కేసు సెటిల్ చేసే ముందు తన దగ్గరికి తేవాలని. అంత చిన్న రూలు. అంతకుముందు లేదు.

రిపోర్ట్‌లో ఇంకో మాట ఉంటుంది, ఆ కంపెనీలో మీటింగులో అందరూ తలూపేసి బయటికొచ్చి ఎవరూ ఏమీ చేయని అలవాటుకి ఒక పేరు, బాధ్యత నాది కాదు అని రెండు చేతులూ అడ్డంగా పెట్టి అటూ ఇటూ వేళ్లు చూపించే అలవాటుకి ఇంకో పేరు, రెండూ ఉద్యోగులే పెట్టుకున్నారు. మనం తిలా పాపం తలా పిడికెడు అంటాం కదా, అదే. దాదాపు 15 మంది ఉద్యోగాలు పోయాయి, వాళ్లలో లాయర్లూ ఉన్నారు.

ఇప్పుడు నా సంగతి. ఏ కంపెనీ అన్నది వద్దు, చిన్న విషయమే, ఎవరూ చావలేదు. రెన్యూవల్ స్క్రీన్ ఒకటి, కస్టమర్ రద్దు చేసుకోవాలంటే ఏడు చోట్ల నొక్కాలి. చట్టం చూశా, అప్పటికి అందులో సూటిగా నిషేధం లేదు. "రిస్క్ తక్కువ" అని రాసిచ్చా. అది రాస్తున్నప్పుడే నాకు తెలుసు, నా తల్లి ఆ స్క్రీన్ ముందు కూర్చుంటే రద్దు చేసుకోలేదు అని. కానీ నన్ను అడిగింది చట్టం గురించి కదా అనుకున్నా. అప్పుడు కొత్తగా ప్రమోషన్ వచ్చింది, బిజినెస్ హెడ్‌తో బాగా కుదిరింది, "వీడు మనవాడు" అని నలుగురిలో అనేవాడు. ఆ మాట తియ్యగా ఉంటుంది బాబూ, నేను కాదనను. రెండేళ్లకి ఫిర్యాదులు గుట్టలు పడి రెగ్యులేటర్ నోటీసు వచ్చింది, అప్పుడు అందరూ తీసింది నా మెయిల్. "లీగల్ ఓకే అన్నాడు." అనలేదు నేను, రిస్క్ తక్కువ అన్నా. ఆ తేడా నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

వద్దు అన్న సందర్భాలూ ఉన్నాయి, రెండు మూడు గట్టిగా. ఒకసారి నెగ్గా, ఒకసారి నన్ను పక్కన పెట్టి బయటి ఫర్మ్ దగ్గర తమకి నచ్చిన అభిప్రాయం తెచ్చుకున్నారు. అది కూడా జరుగుతుంది, తెలిసుండాలి. నెగ్గినప్పుడు నేను గొప్పవాణ్ణని కాదు, మా అప్పటి జీసీకి ఆడిట్ కమిటీ చైర్మన్‌తో మూడు నెలలకోసారి మేనేజ్‌మెంట్ లేకుండా విడిగా మీటింగ్ ఉండేది, అది అందరికీ తెలుసు. ఆవిడ అక్కడ నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు, తెరవొచ్చు అన్న సంగతి చాలు.

లెక్కల మోసం బయటపడి ఎన్రాన్ కంపెనీ కూలాక అమెరికాలో 2002 సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టంలో సెక్షన్ 307 పెట్టారు. లిస్టెడ్ కంపెనీ లాయర్‌కి తీవ్రమైన ఉల్లంఘన జరుగుతున్నట్టు ఆధారం కనిపిస్తే జీసీకో సీఈఓకో చెప్పాలి, వాళ్లు సరిగా పట్టించుకోకపోతే ఆడిట్ కమిటీకో బోర్డుకో చెప్పాలి. కాగితం మీద మెట్లు కట్టారు, మంచిదే. ఎక్కేవాడికి కాళ్లు వణక్కుండా ఉండాలంటే మాత్రం తన జీతం, బోనస్, ఉద్యోగం ఎవరి చేతిలో ఉన్నాయన్నది చూసుకోవాలి. ఒక తమాషా చెప్తా, జీడీపీఆర్‌లో డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని తన పని చేసినందుకు తీసేయకూడదు, శిక్షించకూడదు అని చట్టంలోనే రాశారు. అదే ఫ్లోర్‌లో పక్క సీట్లో ఉన్న ఇన్‌హౌస్ లాయర్‌కి ఆ లైన్ లేదు.

కాబట్టి కొత్తకలం గారూ, బుర్ర తుప్పు పడుతుందా లేదా అన్నది వదిలేయండి, పట్టదు. మీ బోనస్‌లో డీల్ టార్గెట్ ఎంత శాతమో అడగండి. మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, ఆ బిజినెస్ హెడ్‌కా లేక జీసీకా? మరి జీసీ ఎవరికి? జీసీని తీసేయాలంటే బోర్డు ఒప్పుకోవాలా? ముందున్న మనిషి ఎందుకు వెళ్లిపోయాడు? ఇవి అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకోరు. తీసుకుంటే మీ అదృష్టం.


టార్గెట్‌గాడు:

ఆ రెన్యూవల్ స్క్రీన్ కథ చదివాక ఒకటి ఒప్పుకోవాలి. మా వైపు నుంచి చూస్తే "రిస్క్ తక్కువ" అంటే గ్రీన్ సిగ్నలే సార్. "వద్దు" అని రెండక్షరాలు రాయకపోతే మాకు మిగతాదంతా "కానివ్వండి" లాగే వినిపిస్తుంది. లాయర్లు వాక్యం చివర్లో దాచిపెట్టే "అయితే" ఉంటుంది చూడండి, అక్కడిదాకా మేం చదవం.


సీసీలోపెట్టకండి:

@టార్గెట్‌గాడు ఈ ఫోరమ్‌లో ఇప్పటిదాకా వచ్చిన బెస్ట్ లీగల్ డ్రాఫ్టింగ్ సలహా ఇది, సేల్స్ నుంచి రావడం ఒక్కటే బాధ.


కొత్తకలం:

అప్‌డేట్. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా, అన్నీ కాదు గానీ మూడు అడిగా. రెండు రోజులు సైలెంట్, ఆఫర్ పోయిందనే అనుకున్నా. మూడో రోజు డైరెక్ట్‌గా జీసీ దగ్గర్నుంచే ఫోన్.

నా రిపోర్టింగ్ ఆయనకే, బిజినెస్ హెడ్‌కి డాటెడ్ లైన్, అంటే పక్క రిపోర్టింగ్. బోనస్‌లో 30 శాతం ఆ బిజినెస్ యూనిట్ రెవెన్యూ మీద ఉందట, "అది నాకూ నచ్చదు, మార్చమని అడుగుతున్నా" అన్నారు. ఆయన మాత్రం సీఎఫ్ఓకి రిపోర్ట్ చేస్తారు. బోర్డుతో విడిగా కలుస్తారా అని అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మంచి ప్రశ్న, నన్ను ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారు. కలుస్తారో లేదో మాత్రం చెప్పలేదు.

ఆఫర్‌కి శుక్రవారం దాకా టైమ్ ఉంది.


లోపలిమనిషి:

ఫోన్ ఆయనే చేశాడు చూడండి, అది నాకు నచ్చింది. సీఎఫ్ఓకి రిపోర్ట్ చేయడం అంత బాలేదు గానీ అలాంటి చోట మంచి లీగల్ టీమ్‌లు లేకపోలేదు. ఆ 30 శాతం దగ్గరే ఆగుతా నేనైతే. చేరాక మారుస్తాం అంటే ఎప్పటికీ మారదు, సంతకానికి ముందే ఆఫర్ లెటర్‌లో మార్పించండి. ఆరేళ్లు కాంట్రాక్టులు రాశారు కదా, మొదటి రెడ్‌లైన్ మీదే వేసుకోండి.


టికెట్‌నంబర్:

శుక్రవారం ఏమైందో ఇక్కడే రాయండి, టికెట్ ఓపెన్‌గా ఉంచుతున్నా.